రాలవలసిన ఆకు రాలకపోతే



ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పులు, పిల్లల టీకాలు అంటూ ఇంటింటికీ పనికొచ్చే సంగతులు రాస్తూ వచ్చాను. అన్నవాహిక క్యాన్సరు గురించి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగినా ప్రతిసారీ "వచ్చే సంచికలో చూద్దాం" అని తప్పించుకున్నాను. తెలియక కాదు. దాని గురించి రాయాలంటే మా గల్లీలో ఒక ఇంటి సంగతి చెప్పాలి. అందులో నా పొరపాటు కూడా చెప్పాలి. ఆ ఇంటివాళ్ళే "రాయి కాకా, పదిమందికి తెలిస్తే మంచిదే గద" అన్నారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను.

కామాటిపురాలో పుట్టి పెరిగినవాళ్ళకు మన చాళ్ళ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ఠాణే, నవీ ముంబయిల్లో ఫ్లాట్లలో పెరుగుతున్న పిల్లల కోసం రెండు ముక్కలు. 18వ శతాబ్దం చివర బొంబాయి దీవుల మధ్య పల్లపు నేలలు పూడ్చి వాడలు కడుతున్న రోజుల్లో నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన తెలుగువాళ్ళను ఇక్కడివాళ్ళు కామాఠీలు అన్నారు. ఆ పేరే వాడ పేరయింది. తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి. మగవాళ్ళు మిల్లుకో తాపీపనికో పోతే, ఆడవాళ్ళు గది ముందు వరండాలో కూర్చుని చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. చేటలో తునికాకు, పొగాకు, పక్కనే పాకే పిల్లలు. మేమంతా ఆ ఘాటులోనే పెరిగాం. మగవాళ్ళ జేబులో బీడీకట్ట, ఆడవాళ్ళ గూట్లో మిశ్రీ డబ్బా లేని గది మా చాల్‌లో వెతికినా దొరికేది కాదు. మిశ్రీ అంటే పొగాకును పెనం మీద మాడ్చి, పొడిచేసి, పళ్ళకు రాసుకునేది.

మా చాల్ రెండో అంతస్తులో పాలమూరు నుంచి చిన్నతనంలోనే వచ్చిన ఒకాయన ఉండేవాడు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళకు మిల్లులో చేరాడు. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మెతో ఆ ఉద్యోగం పోయింది, మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి పొద్దున్నే నాకా మీద నిలబడి తాపీపనికి పోయేవాడు. పదహారో ఏట పట్టిన బీడీ మాత్రం విడవలేదు. సాయంత్రం పని దిగాక కాస్త మందు కూడా ఉండేది.

ఆయనా నేనూ రోజూ సాయంత్రం వరండాలో బల్ల మీద కూర్చుని చాయ్ తాగేవాళ్ళం. ఒక వానాకాలంలో ఆయన జొన్నరొట్టెను చాయ్‌లో ముంచుకుని తినటం మొదలుపెట్టాడు. అడిగితే "పండ్లు పోయినయి కద తమ్మీ, నములరాదు" అన్నాడు. దసరా నాటికి రొట్టె మానేశాడు. మెత్తటి బువ్వలో మజ్జిగ పోసుకుని జారవిడిచేవాడు. దీపావళికి ప్యాంటు బెల్టుకు మేకుతో కొత్త చిల్లి పొడుచుకున్నాడు. ఇవన్నీ నా కళ్ళ ముందే జరిగాయి.

ఇప్పుడు నా పొరపాటు. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఒక ఆసుపత్రి పాథాలజీ విభాగంలో టెక్నీషియనుగా పనిచేసి రిటైరయ్యాను. అన్నవాహిక నుంచి తీసిన ముక్కలను మైనం దిమ్మల్లో బిగించి, మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన మూడు నాలుగు వంతుల మందాన పొరలు కోసి, రంగు వేసి డాక్టర్ల ముందు పెట్టటమే నా పని. ముందు గట్టి పదార్థం, తర్వాత మెత్తనిది, ఆఖరుకు మంచినీళ్ళు అడ్డం పడతాయని నాకు కంఠోపాఠం. అయినా పక్కనే కూర్చున్న మనిషి చాయ్‌లో రొట్టె ముంచుకుంటుంటే నాకు తట్టలేదు. అద్దాల మీద ఉన్న జబ్బును గుర్తుపట్టినంత తేలిగ్గా బల్ల మీద కూర్చున్న జబ్బును గుర్తుపట్టలేకపోయాను.

సంక్రాంతి దాటాక ఒకరోజు ఆయన చాయ్ కూడా కక్కేశాడు. అప్పుడు పరుగెత్తాం. ఎండోస్కోపీ చేశారు, ముక్క తీశారు. వారం తర్వాత ఆయన కొడుకు రిపోర్టు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"కాకా, క్యాన్సరే అన్నరు. కాని ఇగో ఈడ చూడు, పి53 పాజిటివ్ అని రాసిండ్రు. పాజిటివ్ అంటే మంచిదే గద?"

వాడి మొహంలో ఆశ చూసి నాకు నోట మాట రాలేదు. ఈ వ్యాసం ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు. ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు.

ముందు ఒక మాట. మనం క్యాన్సరు అంటే అదుపు తప్పి పెరిగే కణాలు అని వింటూంటాం. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, అవి చావవలసిన వేళకు చావని కణాలు. మన ఒంట్లో రోజుకు వేల కోట్ల కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. వాటి చోట కొత్తవి పుడతాయి. ఆకు రాలితేనే చిగురు వస్తుంది. దెబ్బ తగిలో, కాలో చచ్చే కణం ఉబ్బి పగిలి చుట్టుపక్కల వాపు తెస్తుంది. కాని వేళకు చచ్చే కణం అలా కాదు. ముడుచుకుని, తన సామాను తానే ముక్కలు చేసుకుని, చిన్న చిన్న మూటలు కట్టి పెడుతుంది. పక్క కణాలు ఆ మూటలను మింగేస్తాయి. వాపు లేదు, రొద లేదు. ఈ మర్యాదైన చావుకు 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 'అపాప్టోసిస్' అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో దాని అర్థం ఆకు రాలటం, పూరేకు రాలటం. మన పెద్దవాళ్ళు మంచి చావును పండుటాకు రాలటంతోనే పోలుస్తారు. ఏ దేశమైనా చెట్టు ఒకటే పాఠం చెప్పినట్టుంది.

ఈ చావు ఎవరో పైనుంచి రాసిపెట్టినట్టు కణంలోనే రాసి ఉంటుందని చూపించింది ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగు. అది పెరిగేటప్పుడు దాని ఒంట్లో 1,090 కణాలు పుడతాయి. వాటిలో సరిగ్గా 131 కణాలు, ప్రతి పురుగులోనూ అవే కణాలు, నిర్ణీత సమయానికి చచ్చిపోతాయి. మిగిలేవి 959. దీని మీద పనిచేసిన బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్‌లకు 2002లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక మన రిపోర్టులో కనిపించే ప్రోటీన్ల సంగతి. ఇది మన చాల్ భాషలో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఏటా వానలకు ముందు పాత బిల్డింగులను చూడటానికి ఇంజనీరు వస్తాడు. గోడ బీటలు చూస్తాడు. మరమ్మతుతో పోయేదైతే మరమ్మతు చెయ్యమంటాడు. లేదంటే ఖాళీ చెయ్యమని నోటీసు అంటిస్తాడు. కణంలో ఆ ఇంజనీరు పేరు పి53. దీన్ని 1979లో కనుక్కున్నారు. కణంలోని జన్యు పదార్థానికి, అంటే డి.ఎన్.ఏ.కి, దెబ్బ తగిలితే పి53 ముందుగా కణ విభజన ఆపించి మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది. మరమ్మతు సాధ్యం కాకపోతే చావమని నోటీసు ఇస్తుంది.

నోటీసు అమలు చేసేవాడు ఒకడుండాలి కదా. ఆ పని బాక్స్ అనే ప్రోటీనుది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే పొయ్యిలు ఉంటాయి. బాక్స్ వెళ్ళి ఆ పొయ్యి గోడకు చిల్లులు పెడుతుంది. అందులోంచి సైటోక్రోమ్-సి అనే పదార్థం బయటికి కారుతుంది. దాంతో కాస్పేసులు అనే కత్తెరలు తెరుచుకుని కణాన్ని లోపలి నుంచే కత్తిరించేస్తాయి.

నోటీసు వచ్చిందని అందరూ ఖాళీ చేస్తారా? స్టే ఆర్డరు తెచ్చుకునేవాళ్ళు ఉంటారు. కణంలో స్టే ఆర్డరు పేరు బిసిఎల్-2. అది బాక్స్ చేతులు పట్టుకుని చిల్లులు పెట్టకుండా ఆపుతుంది. ఒక రకం రక్త క్యాన్సరులో 1984 ప్రాంతంలో బయటపడిన ఈ ప్రోటీను కణాన్ని పెంచటం లేదు, చావకుండా కాపాడుతోందని 1988లో మెల్‌బోర్న్‌లో వాక్స్, కోరీ, ఆడమ్స్ చూపించారు. క్యాన్సరు అంటే పెరగటమే కాదు, చావకపోవటం కూడా అన్న ఆలోచన అక్కడ గట్టిపడింది.

స్టే ఆర్డరు చెడ్డదేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహికలో కూడా అడుగు వరుసలో, కొత్త కణాలు పుట్టే చోట, బిసిఎల్-2 ఉంటుంది. విత్తనపు బస్తాను కాపాడుకున్నట్టు ఆ కణాలను కాపాడుకోవాలి. పై వరుసలకు వచ్చిన కణాలు చదునై, పాతబడి, మనం మింగే ముద్దతో పాటు రాలిపోతాయి. అడుగున పుట్టటం, పైకి రావటం, రాలిపోవటం, ఇంతే వాటి బతుకు. అన్నవాహిక ఒక పాతిక సెంటీమీటర్ల గొట్టం. దాని లోపలి గోడ ఇలా ఎప్పటికప్పుడు కొత్తదవుతూ ఉంటుంది కాబట్టే ఇన్నేళ్ళు కారం, వేడి తట్టుకుంటుంది.

ఈ గోడ మీద నలభై, యాభై ఏళ్ళు బీడీ పొగ, మిశ్రీ కలిసిన ఉమ్మి పారితే ఏమవుతుంది? పొగాకులోని విషాలు డి.ఎన్.ఏ.కి అంటుకుని అక్షరాలు తప్పుగా రాయిస్తాయి. మందు తాగితే ఒంట్లో తయారయ్యే అసిటాల్డిహైడ్ కూడా డి.ఎన్.ఏ.ని దెబ్బతీస్తుంది. పొగాకు, మందు రెండూ కలిస్తే ముప్పు రెండింటినీ కూడితే వచ్చేదానికంటే ఎక్కువ. ఇలా తప్పులు పడుతూ పడుతూ ఒకనాడు పి53 జన్యువులోనే తప్పు పడుతుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే స్క్వామస్ రకం అన్నవాహిక క్యాన్సరులో చాలామంది రోగుల కంతుల్లో ఈ జన్యువు చెడిపోయే ఉంటుంది. ఇంజనీరే పడిపోతే ఇక నోటీసు ఇచ్చేదెవరు?

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్న. ఇంజనీరు చెడిపోతే రిపోర్టులో పి53 లేదు అని రావాలి కదా, ఉంది అని ఎందుకు వస్తుంది?

ఆరోగ్యంగా ఉన్న పి53 ఆయుష్షు అరగంట కూడా ఉండదు. వస్తుంది, చూస్తుంది, పోతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసిపారేసే ఏర్పాటు కణంలో ఉంది. అందుకే మంచి కణజాలానికి రంగు వేస్తే పి53 దాదాపు కనిపించదు. చెడిపోయిన పి53ని ఆ ఏర్పాటు తీసిపారేయలేదు. అది అలాగే పోగుపడుతుంది. మేము వేసే పరీక్షలో అది ఉన్నచోట కణకేంద్రాలు గోధుమరంగులో ముదురుగా కనిపిస్తాయి. పనిచేసే మనిషి ఆఫీసులో కనిపించడు, పనిచెయ్యనివాడు కుర్చీ వదలడు. ఈ లోకన్యాయమే అక్కడా. ఇంకా చిత్రం, కొన్ని కంతుల్లో జన్యువు మరీ చెడి ప్రోటీనే తయారు కాదు. అప్పుడు కంతిలో ఒక్క చుక్క రంగు కూడా పట్టదు. అదీ చెడ్డదే. కాబట్టి రిపోర్టులో పాజిటివ్, నెగటివ్ అన్న మాటలకు మంచీ చెడూ అని అర్థం లేదు. రంగు పట్టింది, పట్టలేదు అని మాత్రమే. ఏ పరీక్షలో ఏది మంచిదో చెప్పవలసింది డాక్టరు, రిపోర్టులోని ముద్ర కాదు.

మాటల మధ్యలో ఒక ముచ్చట. మనకు పి53 జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఏనుగులో అలాంటి జతలు 20 దాకా ఉన్నాయని 2015లో తేలింది. అంత పెద్ద ఒళ్ళు, అన్ని కణాలు ఉండి కూడా ఏనుగులకు క్యాన్సరు తక్కువగా రావటానికి ఇదొక కారణం అంటారు. మన గణపతికి తల మాత్రమే కాదు, కాపలా కూడా బాగా దొరికింది.

చావు మరచిన కణం ఎలా ప్రవర్తిస్తుందో కూడా చెప్పాలి. గోడకు అంటుకుని ఉండవలసిన కణం నేల విడిచిందంటే మామూలుగా చచ్చిపోతుంది. ఇది కూడా కణంలో రాసి ఉన్న చావే. మనుషుల సంగతి వేరు. ఊరు విడిచి వచ్చి కూడా మనవాళ్ళు బతికారు, ఊళ్ళో ఉన్నవాళ్ళను బతికించారు. కణానికి ఆ అనుమతి లేదు. క్యాన్సరు కణం ఆ కట్టుబాటు తెంచుకుంటుంది. నేల విడిచినా చావదు. రక్తంలో, లింఫులో ప్రయాణం చేసి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో దిగుతుంది. పైగా పేగులకు ఉన్నట్టు అన్నవాహికకు చివరి పై పొర ఉండదు. పక్కనే ఊపిరి గొట్టం, పెద్ద రక్తనాళం. కంతి గోడ దాటటానికి అట్టే అడ్డు లేదు. అందుకే ఈ జబ్బు ఇంత మొండిది. 2022లో ప్రపంచం మొత్తం మీద 5 లక్షల 10 వేలకు పైగా మందికి కొత్తగా ఈ క్యాన్సరు వచ్చిందని, 4 లక్షల 45 వేల మంది దీనివల్ల చనిపోయారని అంతర్జాతీయ అంచనా. ఈ రెండు అంకెలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి.

మరి ఈ ప్రోటీన్లను బట్టి ఎవరి కంతి ఎలా నడుస్తుందో ముందే చెప్పవచ్చా? ఈ ఆశతోనే 1990ల నుంచి దేశదేశాల్లో అన్నవాహిక కంతులకు పి53, బిసిఎల్-2, బాక్స్ రంగులు వేసి చూశారు. బాక్స్ బాగా ఉంటే చికిత్సకు లొంగుతుందని కొందరు, బిసిఎల్-2 ఉంటే చెడ్డదని కొందరు, ఏ సంబంధమూ లేదని ఇంకొందరు రాశారు. ఒకరి లెక్క ఇంకొకరితో కుదరలేదు. కాబట్టి ఈ మూడు పేర్లు చూసి ఏ డాక్టరూ మీ ఆయుష్షు లెక్కకట్టరు. చికిత్సను నిర్ణయించేది కంతి ఏ రకం, గోడలో ఎంత లోతుకు దిగింది, లింఫు గ్రంథులకు పాకిందా, దూరానికి పోయిందా అన్న సంగతులు. ఇమ్యునోథెరపీ ఆలోచన ఉన్నప్పుడు పిడి-ఎల్1 అనే మరో పరీక్ష చూస్తారు. రిపోర్టు చేతికి వస్తే డాక్టరును అడగవలసినవి ఇవి.

అంటే ఈ పరిశోధనంతా వృథా అని కాదు. రేడియేషను, కీమోథెరపీ కణాన్ని కాల్చేస్తాయని మనం అనుకుంటాం. నిజానికి అవి చాలావరకు డి.ఎన్.ఏ.ని దెబ్బతీసి, కణం తన చావు తాను చచ్చేలా చేస్తాయి. పి53 చెడినా చావుకు వేరే దారులున్నాయి, కాబట్టి మందు పనిచెయ్యదని భయపడకూడదు. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో నడిపించిన పనిలోంచే మెథోట్రెక్సేటు వచ్చింది. ఫోలిక్ ఆమ్లం అందకుండా చేసి, డి.ఎన్.ఏ. కట్టుకోలేని కణాన్ని చావువైపు నెట్టే మందు అది. ఆయన 1948లో కన్నుమూశారు. అపాప్టోసిస్ అన్న మాట పుట్టింది ఆ తర్వాత 24 ఏళ్ళకు. పేరు తెలియక ముందే పని జరిగింది. బిసిఎల్-2 అనే స్టే ఆర్డరును నేరుగా కొట్టేసే వెనెటోక్లాక్స్ అనే మందుకు 2016లో అనుమతి వచ్చింది, అది రక్త క్యాన్సర్లకు. అన్నవాహికకు ఆ రోజు ఇంకా రాలేదు.

అన్నవాహికకు ఉన్న మంచి కబురు వేరే ఉంది. ఆపరేషనుకు ముందు కీమో, రేడియేషను కలిపి ఇస్తే ఎలా ఉంటుందని నెదర్లాండ్స్‌లో ఒక పెద్ద అధ్యయనం చేసి 2012లో ప్రచురించారు. ఒట్టి ఆపరేషను చేసినవాళ్ళలో సగం మంది 24 నెలలు దాటి బతికితే, కలిపి ఇచ్చినవాళ్ళలో సగం మంది 49 నెలలు దాటారు. కాని ఆ దారి పట్టాలంటే జబ్బు దూరానికి పాకక ముందే దొరకాలి.

మా అన్నకు అది దొరకలేదు. కాలేయంలో మచ్చలు కనిపించాయి. మింగటానికి వీలుగా గొట్టం వేశారు, కీమో ఇచ్చారు. కొన్నాళ్ళు మళ్ళీ చాయ్ తాగాడు. కిందటి ఏడాది బతుకమ్మ పండుగకు వారం ముందు పోయాడు. దినాలు అయ్యాక వదిన నాతో ఒకే మాట అంది. "నువ్వు రోజూ చూస్తనే ఉంటివి గద తమ్మీ." తప్పుపట్టి అనలేదు. ఉన్నమాట అంది. దానికి నా దగ్గర ఈ రోజుకీ జవాబు లేదు.

మన ఊరికి ఈ సంగతి కొత్తది కాదని తెలిస్తే మరీ బాధ. మెహర్‌బాయి టాటా గారు 1931లో రక్త క్యాన్సరుతో పోయాక, 1941 ఫిబ్రవరి 28న పరేల్‌లో టాటా మెమోరియల్ ఆసుపత్రి తెరిచారు. పొగ తాగటానికి, పొగాకు నమలటానికి, నోటి నుంచి అన్నవాహిక దాకా వచ్చే క్యాన్సర్లకు ఉన్న సంబంధం మీద సంఘ్వీ, రావు, ఖానోల్కర్ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అది బొంబాయి రోగుల లెక్క. 1963లో దేశంలోనే మొదటి జనాభా క్యాన్సరు రిజిస్ట్రీ ఇక్కడే మొదలైంది. 1971లో జుస్సావాలా, దేశ్‌పాండే మళ్ళీ లెక్కలు తీసి పొగాకు నమిలేవాళ్ళకు, బీడీ తాగేవాళ్ళకు ముప్పు ఎంత ఎక్కువో చూపించారు. బీడీ మన చేత్తో చుట్టింది, ఆకులో చుట్టింది, సిగరెట్టు కంటే మేలు అని మన చాళ్ళలో ఇంకా అంటున్నారు. మనకు నాలుగు వీధుల అవతల తేలిన నిజం మన గల్లీలోకి రావటానికి డెబ్బై ఏళ్ళు చాలలేదు.

కాబట్టి ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి, ఇంట్లో చదివి వినిపించండి.

ఒకటి. రొట్టె, మాంసం, అన్నం ముద్ద రెండు వారాలకు మించి అడ్డం పడుతున్నట్టుంటే పళ్ళు లేకనో, గ్యాసువల్లనో అనుకుని ఊరుకోవద్దు. అన్నవాహిక సాగే గొట్టం. దారి సగానికి పైగా మూసుకుపోతే కాని ఇబ్బంది తెలియదు. అంటే తెలిసేనాటికే ఆలస్యం మొదలై ఉంటుంది. బరువు తగ్గటం, మింగితే నొప్పి, మారిన గొంతు, నీళ్ళు తాగితే దగ్గు, నల్లటి విరేచనం కూడా సూచనలే.

రెండు. ముసలివాళ్ళు చెప్పరు. వాళ్ళ కంచం చూడండి. ముంచుకుని తినటం, కలుపుకుని జారవిడవటం, గట్టివి పక్కన పెట్టటం, అందరూ తిన్నాక ఒంటరిగా తినటం కనిపిస్తే అడగండి.

మూడు. ఎండోస్కోపీ కొన్ని నిమిషాల పని. "ముక్క తీస్తే, కత్తి పెడితే పాకుతుంది" అన్న మాట నమ్మవద్దు. ముక్క తీయకుండా జబ్బు పేరు తెలియదు.

నాలుగు. బీడీ, మిశ్రీ, గుట్కా, మందు మానటం ఏ వయసులోనైనా లాభమే. మహారాష్ట్రలో గుట్కాను 2012లో నిషేధించారు. మన జేబులో నిషేధం మనమే పెట్టుకోవాలి. పొగలు కక్కే చాయ్‌ని గబగబా మింగకండి. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయాలు అన్నవాహికకు బహుశా హాని చేస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు విభాగం 2016లో చెప్పింది. రెండు నిమిషాలు ఆగితే చాయ్ రుచి ఏమీ పోదు.

ముగించే ముందు ఒక సంగతి. రెండు నెలల కింద వదినకు బువ్వ అడ్డం పడుతున్నట్టు అనిపించింది. ఈసారి పదో రోజుకే కొడుకు ఆమెను తీసుకుని నా గది ముందు నిలబడ్డాడు. ముగ్గురం వెళ్ళాం. ఎండోస్కోపీలో పులుపు పైకి తన్ని గోడ వాచినట్టు మాత్రం కనిపించింది. ముక్క కూడా తీసి చూశారు. క్యాన్సరు లేదు. మందులు వాడుతోంది, రొట్టె తింటోంది. యాభై ఏళ్ళ మిశ్రీ అలవాటు ఒక్కసారిగా పోలేదు కాని, పొద్దునొకసారి అన్న దగ్గరికి వచ్చింది. అదీ పోతుందని నా ఆశ.

ఆ రిపోర్టు చేతికి వచ్చినప్పుడు పిల్లవాడు మళ్ళీ అడిగాడు, "కాకా, ఈడ నెగటివ్ అని రాసిండ్రు. ఈసారి మంచిదే గద?"

ఈసారి వెంటనే జవాబు చెప్పాను.

వచ్చే సంచికలో షుగరు ఉన్నవాళ్ళు పాదాలను ఎలా చూసుకోవాలో రాస్తాను. అంతవరకు సెలవు.